వన్‌టౌన్‌లో పాత ఇల్లు అద్దెకు తీసుకోవచ్చా? తొమ్మిదేళ్ళు ఉన్నవాళ్ళ మాట

హైదరాబాద్ నుంచి విజయవాడకి బదిలీ అయింది, ఆఫీసు గవర్నర్‌పేటలో, ఇద్దరు చిన్నపిల్లలు, వన్‌టౌన్‌లో బ్రాహ్మణ వీధి దగ్గర తక్కువ అద్దెకి పాత ఇల్లు దొరికింది, తీసుకోవచ్చా అని కదా మీ ప్రశ్న. 2013 నుంచి 2022 దాకా మేం సరిగ్గా అలాంటి ఇంట్లోనే ఉన్నాం. కారు ఉంటే వద్దు. లేకపోతే తీసుకోండి.

కారు సంగతి ఎందుకు ముందు చెబుతున్నానంటే, మా అరుగు మీద నుంచి ఎదురింటి అరుగు మీద కూర్చున్నవాళ్ళకి కాఫీ గ్లాసు చేత్తో అందించొచ్చు. అంతే సందు. అందులోనే రెండు వైపులా స్కూటర్లు, మధ్యలో తోపుడు బండి, ఒక్కోసారి ఆవు. మా బావగారు ఓసారి కొత్త కారు వేసుకొచ్చి రథం సెంటర్ దగ్గర ఎక్కడో ఇరికించి వచ్చారు. భోజనం మధ్యలో రెండుసార్లు లేచి వెళ్ళి చూసుకొచ్చారు. పెరుగన్నం తినకుండానే బయల్దేరారు.

కాళ్ళకి పని చెప్పగలిగితే మాత్రం ఇంత సుఖమైన పేట బెజవాడలో ఇంకోటి లేదు. కూరగాయలకి కాళేశ్వరరావు మార్కెట్, నడిచే దూరం. (అందరూ కాళేశ్వరం మార్కెట్ అనేస్తుంటారు. అది అయ్యదేవర కాళేశ్వరరావు గారి పేరు, ఆంధ్రప్రదేశ్ శాసనసభకి మొదటి స్పీకరు ఆయన.) స్టేషన్‌కి అందరూ అటు గాంధీనగర్ వైపు నుంచే వెళ్తారు గానీ, మనకి తారాపేట వైపు గేటు ఉంది. రాత్రి రెండింటికి రైలు దిగినా ఆటోవాళ్ళతో బేరం లేకుండా బ్యాగు భుజాన వేసుకుని ఇంటికొచ్చేసేవాళ్ళం. మీ ఆఫీసుకి స్కూటర్ మీద పది, పదిహేను నిమిషాలు. మధ్యలో ఏలూరు కాలువ, రైలు కట్ట దాటాలి. గట్టి వాన పడిన రోజు ఆ రైలు కట్ట కింది దారుల్లో (లో-బ్రిడ్జిలంటాం) నీళ్ళు నిలుస్తాయి, ఆ రోజు ఆలస్యమే.

ఇక ఇంటిని ఒక్కసారి, అదీ ఆదివారం సాయంత్రం చూసి అడ్వాన్సు ఇవ్వకండి. మేం చేసిన తప్పు అదే. ఆదివారం కొట్లు మూసి ఉంటే వీధి ఎంత ప్రశాంతంగా ఉందో అని మురిసిపోయాం. సోమవారం పొద్దున్న ఆరున్నరకి మా కిటికీ కింద ట్రాలీ ఆటో వచ్చి ఆగింది. పక్కిల్లు ఒక కొట్టుకి గోడౌనట, మాకెవరూ చెప్పలేదు. ముఠా కూలీలు నలుగురు, ఒకాయన బండి మీద నిలబడి బస్తా వంచడం, కింద ఆయన తలగుడ్డ సర్దుకుని వీపు మీదికి తీసుకోవడం, ప్రతి బస్తాకీ 'ఆఁ... పట్టు!' అని ఒక కేక. ఎనభై బస్తాలు. మా చిన్నవాడు లెక్కపెట్టాడు. నెల తిరక్కుండా వాడికి ఎనభై దాకా అంకెలు గుక్క తిప్పుకోకుండా వచ్చేశాయి, అది వేరే సంగతి. హోల్‌సేల్ వ్యాపారం చాలావరకు గొల్లపూడి కాంప్లెక్స్‌కి వెళ్ళిపోయిందంటారు, నిజమే. కానీ వెళ్ళినవాళ్ళలో కొందరు ఇక్కడి పాత కొట్టుని గోడౌనుగా ఉంచుకున్నారు. కాబట్టి ఓ పనిరోజు పొద్దున్న ఏడింటికి ఒకసారి, రాత్రి తొమ్మిదింటికి ఒకసారి వెళ్ళి ఆ సందులో పావుగంట నిలబడండి. అటూ ఇటూ ఇళ్ళకి షట్టర్లు ఉన్నాయా అన్నది చూడండి.

రెండోది అమ్మవారి క్యాలెండర్. ఇంద్రకీలాద్రి కింద ఉంటే మన పండగలు మన చేతిలో ఉండవు. దసరా పది రోజులూ, అందులోనూ సరస్వతీదేవి అలంకారం చేసే మూలా నక్షత్రం రోజు, లక్షల్లో జనం వస్తారు. కెనాల్ రోడ్డులో వినాయకుడి గుడి దగ్గర నుంచే క్యూ లైన్లు. బారికేడ్ల దగ్గర ఆధార్ కార్డు చూపించి మా ఇల్లు ఇక్కడేనండీ అని బతిమాలుకుంటే గానీ స్కూటర్‌తో లోపలికి రానివ్వరు. అద్దె ఇంటి అడ్రసు ఆధార్‌లోకి మార్చుకోకపోతే ఆ వాదన కూడా చెల్లదు. వచ్చిన నెలలోనే మార్పించుకోండి. దసరా అయి రెండు నెలలు తిరిగేసరికి భవానీ దీక్షల విరమణ. అమ్మవారి దీక్ష పట్టిన ఎర్రబట్టల భవానీలు గిరి ప్రదక్షిణ చేస్తూ కుమ్మరిపాలెం, చిట్టినగర్, నెహ్రూ బొమ్మ సెంటర్ మీదుగా తిరిగి బ్రాహ్మణ వీధికే వస్తారు. తెల్లవారుజామున మూడింటికి కిటికీ తీస్తే వీధంతా ఎర్రగా, చెప్పులు లేని కాళ్ళు నడుస్తుంటాయి. నాకు దేవుడి మీద అంత గురి లేదు. అయినా ఆ నాలుగైదు రోజులూ నిద్ర మానుకుని కిటికీ దగ్గర కూర్చునేదాన్ని.

చుట్టాల టెన్షన్ కూడా ఇందులో భాగమే. 2016 ఆగస్టులో కృష్ణా పుష్కరాలు పన్నెండు రోజులు. దుర్గా ఘాట్‌కి నడిచి వెళ్ళొచ్చు అనే మాట ఊళ్ళో ఎలా పాకిందో, ఒక రాత్రి మా రెండు గదుల్లో పదిహేడు మంది పడుకున్నారు. పాలు తెచ్చేవాడు నన్ను పక్కకి పిలిచి పెళ్ళా అని అడిగాడు.

ఇల్లు విషయానికి వస్తే, పాత ఇల్లంటే మీకు మనసులో మండువా, చెక్క స్తంభాలు కనిపిస్తుంటాయి. ఉన్నాయి, బాగుంటాయి కూడా. కానీ దూలాల్లో చెద ఉందేమో గోరుతో గీరి చూడండి, పొడి రాలితే బేరం అక్కడే ఆపేయండి. సున్నం గోడలు వాన తగ్గిన వారానికి కూడా చెమ్మగా ఉంటాయి. బీరువాని గోడకి ఆనించి పెట్టి మా అమ్మ పట్టుచీర ఒకటి పోగొట్టుకున్నాను. జానెడు ఎడంగా పెట్టాలని అప్పుడు తెలిసింది. ఎండాకాలం మాత్రం పాత ఇల్లే నయం, మందపాటి గోడలు పగలు వేడిని ఆపుతాయి. రాత్రి మేడ మీద పడుకుందామంటే కుదరదు. కొండరాయి పగలంతా తాగిన వేడిని రాత్రంతా కక్కుతుంది. మే నెలలో అర్ధరాత్రి దాటాక పిట్టగోడ మీద చెయ్యి పెడితే అప్పుడే దింపిన పెనంలా ఉండేది.

అన్నిటికంటే మమ్మల్ని ఇబ్బంది పెట్టింది చెద కాదు, వాటాలు. ఇలాంటి ఇళ్ళు చాలా వాటికి తాతగారి పేరు మీద కరెంటు మీటరు, ముగ్గురు నలుగురు వారసులు. మేం పెద్దాయనకి ఆరు నెలల అడ్వాన్సు ఇచ్చి చేరాం. ఏడాది తిరగ్గానే తమ్ముడుగారు వచ్చి, ఆ గది నా వాటా, నా అద్దె నాకివ్వండి అన్నారు. ఇద్దరూ మంచివాళ్ళే, ఇద్దరూ మా ఇంట్లోనే కూర్చుని కాఫీ తాగుతూ మా ముందే పోట్లాడుకునేవాళ్ళు. ఎనిమిది నెలలు అలాగే నడిచింది. అందుకని అగ్రిమెంటు మీద వారసులందరి సంతకాలూ అడగండి. మొహమాటపడకండి. ఒకరు విదేశంలో ఉన్నా కనీసం వాట్సాప్‌లో ఒప్పుకోలు తీసుకోండి. కరెంటు బిల్లు ఎవరి పేరున వస్తోంది, పంపు ఎన్ని గంటలు వస్తుంది, మోటారు ఎంతమందికి కలిపి అన్నవి కూడా అప్పుడే తేల్చుకోండి.

వరద గురించి మీ ప్రశ్న కింద కామెంట్లలో ఎవరో భయపెట్టారు. 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. మా పాత సందులోకి నీళ్ళు రాలేదని అక్కడే ఉన్న పక్కింటి పిన్నిగారు ఫోన్లో చెప్పారు. వన్‌టౌన్‌లో నాకు భయం కొండతోనే. సరిగ్గా ఆ వానలకే మొగల్రాజపురంలో కొండచరియ ఇళ్ళ మీద పడి మనుషులు పోయారు. మల్లికార్జునపేట వైపు మెట్లెక్కి వెళ్ళే ఇళ్ళ నుంచి ఊరూ కృష్ణా బ్రహ్మాండంగా కనిపిస్తాయి, అద్దె ఇంకా తక్కువ. పిల్లలతో మాత్రం నేనైతే తీసుకోను. పైగా సిలిండరు మెట్ల కింద దింపేసి పోతారు, పైకి మోయించాలంటే మళ్ళీ డబ్బులు.

మేం ఇప్పుడు భవానీపురంలో అపార్ట్‌మెంటులో ఉంటున్నాం. అత్తగారి మోకాళ్ళ కోసం మారాం, అంతకుమించి కారణం లేదు. పిల్లలు ఇప్పటికీ ఆదివారం సాయంత్రం గాంధీ కొండకి తీసుకెళ్ళమంటారు. కృష్ణ మీద మొదటి ఆనకట్ట కట్టిన ఇంజనీరు పేరుతో ఒకప్పుడు అది ఓర్ హిల్. 1968లో 52 అడుగుల గాంధీ స్తూపం ఆవిష్కరించారు. వాళ్ళు స్తూపం చూడరు. కిందికి వంగి, రైలు పట్టాల పక్కన ఆ పెంకుటిళ్ళ కప్పుల్లో మన పాత ఇంటి పెంకు ఏదా అని వెతుకుతారు.

మీరు చూసిన ఇల్లు సరిగ్గా ఎటువైపో రాయండి. శివాలయం వీధి వైపా, కొండ వైపా? కొండ వైపైతే మెట్లెన్నో లెక్కపెట్టి చెప్పండి.