డీన్ సంతకం ఉంది, వీసా ఉంటుందా?

ప్రశ్న: మాది గుంటూరు. ఇంగ్లండ్‌లో జెరియాట్రిక్స్ (వృద్ధుల వైద్యం)లో ఎస్‌టీ5, అంటే స్పెషలిస్టు శిక్షణ ఐదో ఏటి ట్రైనీని. హెల్త్ అండ్ కేర్ వీసా మీద నాలుగో ఏడు నడుస్తోంది, స్పాన్సర్ ఎన్‌హెచ్‌ఎస్ ఇంగ్లండ్ (అక్కడి ప్రభుత్వ వైద్య సేవల సంస్థ). మావారూ మూడేళ్ల బాబూ నా డిపెండెంట్లుగా ఇక్కడే ఉన్నారు. వేసవిలో నాన్నగారికి పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కాలు పడిపోయాయి. నేను ఒక్కదాన్నే సంతానం. అమ్మకు మోకాళ్ల నొప్పులు, ఆయన్ని లేపి కూర్చోబెట్టలేదు. తొమ్మిది నెలలు ఇంటి దగ్గర ఉందామని ఓఓపీసీ, అంటే కెరీర్ బ్రేక్ అడిగాను. మా ట్రైనింగ్ చూసే డీన్ మంజూరు చేశారు. నవంబరు చివర్లో ప్రయాణం. ఇప్పుడు ఒక స్నేహితురాలు ‘వీసా పోతుంది చూసుకో’ అంటోంది. అనుమతి తీసుకున్న సెలవుకు వీసా ఎలా పోతుందండీ?

జవాబు: డాక్టర్ గారూ, మీ స్నేహితురాలు చెప్పింది నిజం. టికెట్ ఇంకా కొనకపోతే ఆగండి. కొనేసి ఉంటే తేదీ మార్చుకునే వీలుందేమో కనుక్కోండి.

మీరు ఒక అనుమతి తీసుకున్నారు, కావలసినవి మూడు. ట్రైనింగ్ సీటు డీన్ చేతిలో ఉంటుంది, ఉద్యోగం మీ ట్రస్ట్ (మీ ఆస్పత్రిని నడిపే సంస్థ) చేతిలో ఉంటుంది, వీసా స్పాన్సర్ ద్వారా హోమ్ ఆఫీస్ (బ్రిటన్ హోంశాఖ) చేతిలో ఉంటుంది. డీన్ సంతకం మొదటిదాన్ని మాత్రమే కాపాడుతుంది. అది చిన్న రక్షణేం కాదు. మీ ఎన్‌టీఎన్, అదే నేషనల్ ట్రైనింగ్ నంబర్, మీ పేరు మీదే ఉంటుంది. తిరిగొచ్చాక మళ్లీ పోటీలో నిలబడి సీటు తెచ్చుకోనక్కర్లేదు. ఆ ఏడాది ఏఆర్‌సీపీలో, అంటే ట్రైనింగ్ వార్షిక సమీక్షలో, ‘ఔట్‌కమ్ 8’ (ట్రైనింగ్ బయట ఉన్నారు) అని రాస్తారు, సీసీటీ (ట్రైనింగ్ పూర్తయిందని ఇచ్చే సర్టిఫికెట్) తేదీ ఆ మేరకు వెనక్కి జరుగుతుంది. ఫారం ఆర్ (ట్రైనీ తన వివరాలు ఇచ్చే పత్రం) మాత్రం బ్రేక్‌లో ఉన్నా ఏటా నింపి పంపాలి. చాలామంది మరిచిపోయేది ఇదే.

ఇక వీసా. ఇమ్మిగ్రేషన్ రూల్స్ ప్రకారం స్పాన్సర్ చేసిన ఉద్యోగి ఒక క్యాలెండర్ సంవత్సరంలో, జనవరి 1 నుంచి డిసెంబరు 31 లోపు, అన్నీ కలిపి నాలుగు వారాలకు మించి జీతం లేకుండా ఉంటే వీసా రద్దు చేయొచ్చు. ఒకేసారి తీసుకున్నారా, ముక్కలు ముక్కలుగానా అన్నది చూడరు. ప్రసూతి, పితృత్వ, దత్తత సెలవుల్లాంటి చట్టబద్ధమైనవాటికి మినహాయింపు ఉంది. అనారోగ్య సెలవుకూ ఉంది. కానీ అనారోగ్యం మీదై ఉండాలి, నాన్నగారిది కాదు. కన్నతండ్రి మంచాన పడితే అది మన అనారోగ్యం కాదని ఏ తెలుగింట్లోనూ ఒప్పుకోరు. రూలు రాసినవాళ్లు ఒప్పుకున్నారు.

ఓఓపీసీ అంటేనే జీతం లేని కాలం. ఐదో వారంలో అడుగుపెట్టగానే మీ స్పాన్సర్ మామూలుగా స్పాన్సర్‌షిప్ ఆపేసి హోమ్ ఆఫీస్‌కు తెలియజేయాలి. ఇలాంటి సంగతులకు వాళ్లకున్న గడువు పది పనిదినాలు. దేశంలో ఉన్నవాళ్లకైతే సాధారణంగా వీసాను 60 రోజులకు కుదిస్తారు. మీరు గుంటూరులో ఉంటారు కాబట్టి ఆ గడువు కూడా ఇవ్వకుండా వెంటనే రద్దు చేసే అధికారం వాళ్లకుంది. మీ వీసా మీద ఆధారపడిన మీవారి వీసా, బాబు వీసా కూడా ప్రమాదంలో పడతాయి. మీవారు అక్కడ ఉద్యోగం చేస్తుంటే ఈ మాట ముందుగా ఆయనతో మాట్లాడండి.

బలమైన, అసాధారణమైన కారణాలుంటే స్పాన్సర్‌షిప్ కొనసాగిస్తామని స్పాన్సర్ హోమ్ ఆఫీస్‌కు రాసే వీలుంది. రాసి తీరాలన్న నిర్బంధం లేదు. ఆరేడు వారాలైతే మనసు పెడతారేమో. తొమ్మిది నెలలకు అంత బరువు మోస్తారని నేను అనుకోను. అయినా అడగండి. అడగడానికి ఖర్చేం లేదు.

మీరు అడగకపోయినా ఐఎల్ఆర్, అదే శాశ్వత నివాస అనుమతి, గురించి చెప్పాలి, నాలుగో ఏట ఉన్నారు కనక. ఏ పన్నెండు నెలలు తీసుకున్నా 180 రోజులకు మించి దేశం బయట ఉండకూడదన్నది అక్కడి రూలు. తొమ్మిది నెలలంటే సుమారు 270 రోజులు. దగ్గరి బంధువుకు ప్రాణాపాయమైన జబ్బు చేసి వెళ్తే ఆ రోజులు లెక్కలోంచి తీసేస్తారు, తండ్రి ఆ కోవలోకి వస్తారు. అయితే పక్షవాతంలో మొదటి వారాలు ప్రాణాపాయం అంటే ఎవరూ కాదనరు. ఆరో నెలలో ఫిజియోథెరపీ చేయించుకుంటున్న మనిషి విషయంలో ప్రాణాపాయం ఎక్కడుందని అడుగుతారు. పైగా వీసాయే రద్దయితే ఈ మినహాయింపు ఎందుకూ పనికిరాదు. ఐదేళ్ల లెక్క తెగిపోతుంది, కొత్త వీసా మీద మళ్లీ ఒకటి నుంచి మొదలు. ఆ ఐదేళ్లను పదికి పెంచే ఆలోచనను ప్రభుత్వం 2025 మే శ్వేతపత్రంలోనే బయటపెట్టింది. అప్లై చేసే నాటికి ఏ రూలు అమల్లో ఉందో అప్పుడు చూసుకోవాలి. ఇప్పుడు మాత్రం ఉన్న నాలుగేళ్లను తేలిగ్గా వదులుకోకండి.

మరి దారి లేదా? ఉంది. తొమ్మిది నెలలు రాదు, రెండున్నర నెలల దాకా రావచ్చు. నాలుగు వారాల పరిమితి క్యాలెండర్ సంవత్సరానికి అన్నాను కదా. మీ ప్రయాణం నవంబరు చివర్లో పడటం మీ అదృష్టం. ముందు మిగిలిన వార్షిక సెలవు వాడండి. అది జీతంతో కూడినది, లెక్కలోకి రాదు. ట్రైనీ డాక్టర్ల 2016 కాంట్రాక్టులో ఏడాదికి 27 రోజులు, ఐదేళ్ల సర్వీసు దాటితే 32. కాకపోతే ఒక్కో ప్లేస్‌మెంట్‌కు విడగొట్టి ఇస్తారు కాబట్టి మీకు మిగిలింది ఎంతో డ్యూటీ పట్టిక వేసే రోటా కోఆర్డినేటర్‌ను అడిగి తేల్చుకోండి. తర్వాత డిసెంబరులో నాలుగు వారాలు జీతం లేకుండా, జనవరి 1 నుంచి ఇంకో నాలుగు వారాలు. ఇందులో లొసుగేం లేదు, రూలు రాసిన తీరే అది. కానీ జనవరిలోనే ఆ ఏడాది కోటా అయిపోతుంది. తర్వాత నాన్నగారికి ఏదైనా అయితే వార్షిక సెలవు తప్ప చేతిలో ఏమీ ఉండదు. నేనైతే ఒక వారం దాచుకుంటాను.

2024 ఏప్రిల్ 6 నుంచి అమల్లోకి వచ్చిన కేరర్స్ లీవ్ ఏడాదికి ఒక వారం ఇస్తుంది, చేరిన మొదటి రోజు నుంచే హక్కు. తల్లిదండ్రులకూ వర్తిస్తుంది. అదీ జీతం లేనిదే కాబట్టి నాలుగు వారాల్లో కలిపే లెక్కేసుకోండి.

ఇలా చేస్తే డీనరీకి (డీన్ కార్యాలయానికి) రాసి ఓఓపీసీని వెనక్కి తీసుకోవాలి లేదా తేదీలు కుదించమనాలి. ఊరుకుంటే కాగితం మీద మీరు తొమ్మిది నెలలు లేనట్టే ఉంటుంది. ఏడాదిలో 14 రోజులకు మించిన గైర్హాజరీ ఉంటే సీసీటీ తేదీని సమీక్షిస్తారు, దానికి టెన్షన్ పడకండి.

లేదు, నాన్నగారికి నేను తొమ్మిది నెలలూ ఉండి తీరాలి అంటారా? అది మీ ఇంటి నిర్ణయం, లాయరు చెప్పేది కాదు. అప్పుడు వీసా పోతుందని తెలిసే వెళ్లండి. ఎన్‌టీఎన్ ఉంటుంది కాబట్టి తిరిగి వచ్చేటప్పుడు కొత్త స్పాన్సర్‌షిప్ సర్టిఫికెట్ అడగొచ్చు. కొత్త అప్లికేషన్, ఫీజు, టీబీ పరీక్ష అన్నీ మళ్లీ చేసుకోవాలి. చేరాల్సిన తేదీకి కనీసం మూడు నెలల ముందు మొదలుపెట్టండి. మూడు నెలలు దాటిన బ్రేక్ తర్వాత మెల్లగా డ్యూటీలోకి వచ్చేందుకు ‘సపోర్ట్’ పేరిట ఏర్పాటు ఉంది, అదీ వెళ్లేముందే మాట్లాడుకోండి. ట్రస్ట్ ఉద్యోగానికి రాజీనామా చేయించి పంపుతున్నారా, జీతం లేని సెలవు అంటున్నారా అన్నది రాతపూర్వకంగా తీసుకోండి. ఎన్‌హెచ్‌ఎస్ సర్వీసులో మూడు నెలల లోపు విరామాన్ని తెగినట్టు చూడరు. అది దాటి ఉద్యోగం తెగితే రేపు రెండో బిడ్డ వేళ ప్రసూతి జీతం దగ్గర ఇబ్బంది పడతారు.

ఈ వారంలో చేయాల్సిన పని ఒక్కటే. ఎన్‌హెచ్‌ఎస్ ఇంగ్లండ్ స్పాన్సర్‌షిప్ టీమ్‌కు ఈమెయిల్ పెట్టండి, ట్రస్ట్ హెచ్‌ఆర్‌కూ డీనరీకీ కాపీ పంపండి. ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు జీతంతో, ఎప్పటి వరకు జీతం లేకుండా ఉంటారో వారాలతో సహా రాసి, స్పాన్సర్‌షిప్ కొనసాగుతుందా లేదా అని సూటిగా అడగండి. ఫోన్లో ‘ఫర్వాలేదు’ అంటే సరిపోదు. గుంటూరు ఆస్పత్రి నుంచి డిశ్చార్జి సమ్మరీ, నాన్నగారి పరిస్థితి మీద న్యూరాలజిస్టు లెటర్‌హెడ్ మీద రాసిన ఉత్తరం ఇంగ్లిషులో తెప్పించి జతచేయండి. ఉత్తరంలో తేదీ, రిజిస్ట్రేషన్ నంబరు ఉండేలా చూసుకోండి. ఇంకో రెండేళ్లకు ఐఎల్ఆర్ ఫారం నింపేటప్పుడు కూడా వాళ్లు అడిగేది ఆ కాగితమే.