నాన్నగారి అంబాసిడర్‌కు ఏ ఇంజన్ వేయించాలి?

ప్రశ్న: మాది మల్కాజిగిరి. మా నాన్నగారు 1974లో కొత్తగా తీసుకున్న అంబాసిడర్ మార్క్ 2 ఇంకా మా దగ్గరే ఉంది. మొన్న వేసవిలో యాదగిరిగుట్టకు బయల్దేరితే బీబీనగర్ దాటగానే నీళ్లు మరిగి ఆగిపోయింది. చల్లారాక స్టార్టయింది కానీ అప్పటి నుంచి లాగడం లేదు. పొద్దున స్టార్ట్ చేసినప్పుడు కాసేపు నీలిపొగ వచ్చి తగ్గిపోతుంది. కంప్రెషన్ (సిలిండర్లో గాలి నొక్కుకునే ఒత్తిడి) చూపిస్తే ఒకటో సిలిండర్ నుంచి వరుసగా 120, 115, 65, 70 పౌండ్లు వచ్చింది. ఇంజన్ అయిపోయింది, మార్చేయండి అంటున్నాడు మెకానిక్. ఇసుజు 1800 పెట్రోల్, ఇసుజు డీజిల్, మారుతి ఎస్టీమ్ ఇంజన్ అని మూడు చెప్పాడు. ఏది మంచిది సార్?
– ఒక పాఠకుడు, మల్కాజిగిరి

జవాబు: మూడింటిలో ఏదీ ఇప్పుడే కొనకండి. మీరు రాసిన నాలుగు అంకెలు చూశాక ఇంజన్ అయిపోయిందని నాకు అనిపించడం లేదు.

50 ఏళ్ల బండికి 120, 115 అంటే ఆ రెండు సిలిండర్లూ బాగానే ఉన్నట్టు. పడిపోయినవి మూడు, నాలుగు. అవి పక్కపక్కనే ఉన్నాయి, రెండూ ఒకేలా పడ్డాయి, అదీ నీళ్లు మరిగిన రోజు నుంచి. ఇది బోరు (పిస్టన్ ఆడే సిలిండర్ లోపలి గోడ) అరగడంలా లేదు. ఆ రెండింటి మధ్య హెడ్ గ్యాస్కెట్, అంటే సిలిండర్లకూ పైన మూతలా ఉండే హెడ్‌కూ నడుమ పెట్టే పలుచటి రేకు, పోయి ఉంటుంది. నీలిపొగ సంగతి వేరు. రాత్రంతా వాల్వ్ గైడుల (వాల్వు కాడలు ఆడే గొట్టాల) గుండా దిగిన ఆయిల్ పొద్దున కాలుతుంది. పిస్టన్ రింగులు పోయిన బండి అయితే ఎక్సలేటర్ తొక్కినంతసేపూ పొగ వదులుతుంది.

తేల్చుకోవడానికి ఒక పని చేయించండి. మూడు, నాలుగు సిలిండర్ల ప్లగ్గులు తీసి, ఒక్కో దాంట్లో టీస్పూన్ ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ గేజ్ పెట్టమనండి. అంకె బాగా పెరిగితే రింగులు, బోరు అరిగినట్టు. పెరగకపోతే తప్పు పైన ఉంది, గ్యాస్కెట్‌లోనో వాల్వుల్లోనో. ఆ తర్వాత హెడ్ విప్పించండి. విప్పినప్పుడు మీరు దగ్గర ఉండండి. బోరు పైఅంచు కింద గోరుతో గీరి చూడండి. గోరు మెట్టులా తగిలి ఆగితే అరుగుదల ఉంది, జారిపోతే ఆ బోరు ఇంకా చాలాకాలం పనిచేస్తుంది. హెడ్ వంగిందేమో లేత్ షాపులో స్కేలు పెట్టి చూసి ఫేసింగ్ కొట్టి చదును చేస్తారు. హెడ్ ఎలాగూ దిగింది కాబట్టి ఎగ్జాస్ట్ (పొగ బయటికి వదిలే) వాల్వులు మూసుకునేటప్పుడు ఆనే చోట గట్టి సీట్లు వేయించండి. సీసం కలిపిన పెట్రోలు మీద నడిచేలా చేసిన హెడ్ అది. 2000 నుంచి మనకు సీసం లేని పెట్రోలే వస్తోంది, పాత సీట్లు దానికి నిలవవు. ఇప్పటి పెట్రోల్లో ఇథనాల్ కూడా ఉంది కాబట్టి ఫ్యూయల్ పంపు డయాఫ్రం, రబ్బరు పైపులు కొత్తవి పెట్టించండి. అన్నిటికంటే ముందు నీళ్లు ఎందుకు మరిగాయో తేలాలి. రేడియేటర్ దించి, రాడ్ కొట్టించి గొట్టాలు శుభ్రం చేయించకుండా హెడ్ బిగిస్తే మళ్లీ బీబీనగరే.

బోరు నిజంగానే అరిగితే 20 ఓవర్‌సైజుకో 40కో (అంగుళంలో వెయ్యో వంతుల లెక్క) రీబోరింగ్ చేయించవచ్చు, అదీ దాటితే లోపల స్లీవ్ అనే కొత్త గొట్టం వేయించవచ్చు. మీ బండిలోని ఆ 1489 సీసీ ఇంజన్ చాలా ఏళ్లు తయారైంది, దాని పని తెలిసినవాళ్లు మన దగ్గర ఇంకా ఉన్నారు.

సిలిండర్లు ఉండే బ్లాకే పగిలితే, అప్పుడు అదే 1489 పెట్రోల్ ఇంజన్ పాతది వెతకండి. ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పాలి. రాణిగంజ్‌లో నేను ఈ పని మొదలుపెట్టిన కొత్తల్లో ఒకాయన కూతురి పెళ్లికి అంబాసిడర్ సిద్ధం చేయమన్నాడు. పాత సామాను కొట్లో నల్లగా పెయింటేసిన ఇంజన్ దొరికింది. నేల మీదే స్టార్ట్ చేసి వినిపించారు, గడియారంలా ఆడింది. సంపు (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) విప్పకుండా తెచ్చి బిగించాను. రెండు వందల కిలోమీటర్లు తిరగకముందే ఆయిల్ ప్రెషర్ పడిపోయింది. విప్పితే క్రాంక్ షాఫ్ట్ అప్పటికే 40 వెయ్యో వంతుల మేర గ్రైండింగ్ అయి ఉంది, ఇంక తీయడానికి ఇనుము లేదు. ఆ పెళ్లికి ఆయన అద్దె కారు పెట్టుకున్నాడు. ఆ రోజు ఆయన ముఖం నాకింకా గుర్తుంది. అప్పటి నుంచి సంపు దించి, ఒక బేరింగ్ క్యాప్ విప్పి షెల్ వెనక అచ్చు కొట్టిన సైజు చదవనిదే ఏ ఇంజనూ కొనలేదు. మీరూ కొనకండి.

ఇక మెకానిక్ చెప్పిన మూడు. ఎస్టీమ్ ఇంజన్ ముందు చక్రాలు తిప్పే బండిది, అడ్డంగా కూర్చుంటుంది. మీ బండిలో నిలువుగా పెట్టి వెనక చక్రాలు తిప్పాలంటే అదే కుటుంబానికి చెందిన జిప్సీ ఇంజన్, గేర్‌బాక్సు వెతకాలి, మౌంటింగులు కొత్తగా చేయించాలి, ప్రొపెల్లర్ షాఫ్ట్ సైజు మార్చాలి. డీజిల్ వద్దే వద్దు. ఆ ఊపుకు, ఆ బరువుకు మీ పాత బాడీ అతుకులు వదులుతాయి. 1817 సీసీ ఇసుజు పెట్రోల్ మాత్రం మంచి ఇంజన్, తొంభైల్లో కంపెనీయే అంబాసిడర్‌లో వేసింది. అయితే దానితోపాటు దాని అయిదు గేర్ల బాక్సు కూడా తేవాలి, మీ డ్రమ్ బ్రేకులు ఆ వేగానికి ఆగేలా చేయించాలి.

కాగితాల విషయం తేలిగ్గా తీసుకోకండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలోని వివరాలు కంపెనీ ఇచ్చినదానికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. సీసీ, ఇంధనం మారే ఇంజన్ గురించి ఆలోచిస్తుంటే డబ్బు కట్టకముందే మీ ఆర్టీఏ ఆఫీసుకు వెళ్లి రాతపూర్వకంగా అడగండి. అదే రకం ఇంజన్ అయినా నంబరు మారుతుంది కాబట్టి అనుమతి, అమ్మినవాడి బిల్లు, ఆ ఇంజన్ వచ్చిన బండి కాగితాలు ఉండాలి.

ఇంకో మాట. 2021 జూలైలో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన సొంత కారును వింటేజ్‌గా రిజిస్టర్ చేయించుకోవచ్చు. అప్పుడు దాన్ని ర్యాలీలు, ప్రదర్శనల వంటి వాటికే తీయాలి, మామూలు ప్రయాణాలకు వాడకూడదు. గుట్టకు వెళ్లే మీకు ఇప్పుడది అక్కర్లేకపోవచ్చు. కానీ వేరే రకం ఇంజన్‌కు మార్చేసిన బండికి ఆ అవకాశమే ఉండదు. నాన్నగారు కొన్న రోజున ఆర్‌సీలో ఎక్కిన ఇంజన్ నంబరు ఆ బ్లాకు మీద ఇంకా ఉందంటే, దాన్ని పాత ఇనుముగా అమ్మించకండి.

హెడ్ విప్పాక పాత గ్యాస్కెట్ పారేయకుండా మూడు, నాలుగు రంధ్రాల మధ్య భాగం కనిపించేలా ఫోటో తీసి, నాలుగు బోర్ల కొలతలతో కలిపి నాకు పంపండి. తర్వాతేం చేయాలో రాస్తాను.