కరెంటు కబుర్లు: బడి డాబా మీద ఎండ
(పాఠకుల ప్రశ్నలకు విద్యుత్ శాఖ విశ్రాంత ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) జవాబులు)

బడులు తెరిచారు కదా, ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా వాటి గురించే. ఒకే రకంగా ఉన్నవి వదిలేసి నాలుగు తీసుకున్నాను.

ప్రశ్న: మా జిల్లా పరిషత్ హైస్కూలుకు పూర్వ విద్యార్థులు నిరుడు 3 కిలోవాట్ల సోలార్ పెట్టించారు. ఎండ మండిపోతున్నా, కరెంటు పోతే ఫ్యాన్లు ఆగిపోతున్నాయి. సెలవుల్లో తయారయ్యే కరెంటు మా ఖాతాలో జమ అవుతుందన్నారు. తీరా చూస్తే మే నెల బిల్లులో ఎక్స్‌పోర్ట్ (బయటి లైనుకు పంపిన కరెంటు) సున్నా. మమ్మల్ని మోసం చేశారంటారా?
– ఒక ప్రధానోపాధ్యాయురాలు, ప్రకాశం జిల్లా

జవాబు: మేడమ్ గారూ, ఏప్రిల్‌లో బడికి తాళం వేసేటప్పుడు మెయిన్ స్విచ్ కూడా దించేసి వెళ్లారా? వెళ్లే ఉంటారు. షార్ట్ సర్క్యూట్ భయంతో చాలా బడుల్లో చేసే పనే అది, సోలార్ లేనప్పుడు మంచి పని కూడా. మీ రెండు సమస్యలకూ కారణం ఒక్కటే.

మీకు పెట్టింది బ్యాటరీ లేకుండా నేరుగా లైనుకు కలిపే రకం. దాని ఇన్వర్టర్ (ప్యానెళ్ల కరెంటును లైను కరెంటుగా మార్చే పెట్టె) బయటి లైన్లో కరెంటు ఉందా లేదా అని ఎప్పుడూ చూసుకుంటూ ఉంటుంది. లేదంటే ఆ క్షణమే ఆగిపోతుంది. ఆగకపోతే ఏమవుతుందో మా వాళ్లకు బాగా తెలుసు. లైన్ ఆఫ్ చేశారు కదా అని లైన్‌మన్ స్తంభం ఎక్కుతాడు, మీ డాబా మీది కరెంటు వెనక నుంచి వచ్చి కొడుతుంది. నా సర్వీసులో సోలార్ అంతగా లేదు గానీ, పెళ్లి మండపాల జనరేటర్లు ఇలా వెనక్కి కరెంటు తోసి మమ్మల్ని భయపెట్టేవి. కాబట్టి ఫ్యాన్లు ఆగడం లోపం కాదు, మోసం అంతకన్నా కాదు. అయితే అమ్మేటప్పుడు ఈ మాట చెప్పకపోవడం మాత్రం తప్పే.

మెయిన్ దించితే ఇన్వర్టర్‌కు కరెంటు పోయినట్టే లెక్క. మన ప్రాంతంలో కిలోవాట్ ప్యానెళ్లు సగటున రోజుకు 4 యూనిట్లు ఇస్తాయి. మీ 3 కిలోవాట్లకు రోజుకు 12. వేసవి సెలవులు ఏడు వారాలనుకున్నా సుమారు 590 యూనిట్లు. అదీ ఫ్యాన్లు, మోటారు ఏవీ తిరగని రోజుల్లో, మొత్తం బయటికి వెళ్లి మీ పేరున జమ కావలసిన కరెంటు. బడికి సోలార్ వల్ల వచ్చే లాభంలో చెప్పుకోదగ్గ భాగం ఈ సెలవుల్లోనే ఉంది. బడి పగలే నడుస్తుంది కాబట్టి సోలార్ దానికి బాగా నప్పుతుందని అందరూ చెబుతారు, నిజమే. కానీ ఆదివారాలు, దసరా, సంక్రాంతి, వేసవి కలిపితే ఏడాదిలో మూడో వంతుకు పైగా బడి మూసే ఉంటుంది. ఆ రోజుల కరెంటు ఎటుపోతోందో చూసుకోవాలి.

వచ్చే వేసవికి మెయిన్ ఎత్తే ఉంచండి. గదుల ఎంసీబీలు (ఒక్కో గదికి ఉండే చిన్న బ్రేకర్ స్విచ్‌లు) మాత్రం దించండి. సోలార్ బ్రేకర్ ఏదో ఎలక్ట్రీషియన్ చేత చూపించుకుని, దాని మీద "దించరాదు" అని పెయింటుతో రాయించండి. స్టిక్కర్ అయితే పిల్లలు పీకేస్తారు. మార్చి నుంచి వానలు పడేదాకా ప్యానెళ్ల మీద దుమ్ము పేరుకుపోతుంది. వాచ్‌మన్‌కు ఏదో కొంత ఇచ్చి, పది పదిహేను రోజులకోసారి తెల్లవారుజామున కడిగించండి. మధ్యాహ్నం కాలిన అద్దం మీద చన్నీళ్లు పోస్తే పగిలే ప్రమాదం ఉంది.

కరెంటు లేనప్పుడు కూడా ఫ్యాన్లు తిరగాలంటే బ్యాటరీ పెట్టాలి. బడి మొత్తానికి ఆ ఖర్చు నేనైతే పెట్టను. పదో తరగతి గదికీ ఆఫీసుకూ బ్యాటరీతో నడిచే ఒక చిన్న ఇన్వర్టర్ చాలు.

ప్రశ్న: అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలో ఉన్నాను. దాతలు లక్ష రూపాయలు ఇస్తామన్నారు. మా బడిలో 40 పాత ఫ్యాన్లు ఉన్నాయి. వాటిని తీసేసి కరెంటు తక్కువ తినే బీఎల్‌డీసీ ఫ్యాన్లు వేయమంటారా?
– ఒక తల్లి, నల్లగొండ జిల్లా

జవాబు: ఇప్పుడే వద్దమ్మా. లెక్క చూడండి. పాత ఫ్యాన్ 75 వాట్లు, కొత్తది 30 వాట్లు. ఆదా 45 వాట్లు. రోజుకు 6 గంటల చొప్పున 200 రోజులు తిరిగితే ఏడాదికి 54 యూనిట్లు. యూనిట్ 8 రూపాయలనుకున్నా 430 రూపాయలు. ఫ్యాన్ ధర 2,800 అనుకుంటే డబ్బు తిరిగి రావడానికి ఆరున్నరేళ్లు పడుతుంది. చలికాలంలో ఆపేస్తే ఇంకా ఎక్కువ. ఇంట్లో రోజుకు 15 గంటలు తిరిగే ఫ్యాన్ అయితే మూడేళ్లలోపే వచ్చేస్తుంది. ఇంటి లెక్క బడికి కుదరదు.

తిరుగుతున్న ఫ్యాన్‌ను తిరగనివ్వండి. వైండింగ్ కాలిందంటే మాత్రం రిపేరుకు పంపకుండా, దాని చోట బీఎల్‌డీసీ పెట్టండి. రిమోట్‌తో మాత్రమే నడిచేది కొనకండి. బడిలో రిమోట్ వారం రోజులు దొరికితే గొప్ప. గోడ రెగ్యులేటర్‌తో నడిచేదని చెప్పి మరీ అడగండి. మామూలు బీఎల్‌డీసీకి పాత రెగ్యులేటర్ పనికిరాదు, తీసేయాలి. చోక్ ఉన్న పాత ట్యూబ్‌లైట్లుంటే అవి మాత్రం వెంటనే మార్చండి. చోక్‌తో కలిపి 50 వాట్లు తినే చోట ఎల్ఈడీ 20 వాట్లతో అంతే వెలుగిస్తుంది, ధర కూడా తక్కువ.

మీ డబ్బులో మొదటి ఖర్చు పై అంతస్తు స్లాబు మీద పెట్టమంటాను. తెల్లటి కూల్ రూఫ్ పెయింటు వేయించండి, డబ్బు చాలకపోతే సున్నమైనా సరే. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది కూడా. మార్చిలో ఒంటిపూట బడులు పెట్టేది ఎండ వల్లే కదా. స్లాబు కాలిపోతుంటే ఎంత ఖరీదైన ఫ్యాన్ అయినా వేడిగాలినే కిందికి తోస్తుంది.

ప్రశ్న: ప్రైవేటు స్కూలు నడుపుతున్నాను. పీఎం సూర్య ఘర్ సబ్సిడీ మాకు వస్తుందా? డాబా నిండా 20 కిలోవాట్లు పెట్టొచ్చని కాంట్రాక్టర్ అంటున్నాడు.
– ఒక కరస్పాండెంట్, తూర్పు గోదావరి జిల్లా

జవాబు: రాదు. 2024 ఫిబ్రవరిలో మొదలైన ఆ పథకం ఇళ్ల కోసం. 2 కిలోవాట్ల దాకా కిలోవాట్‌కు 30,000, మొత్తం మీద 78,000 రూపాయలకు మించకుండా ఇస్తారు. ఇంటి సర్వీసు పేరు పెట్టి స్కూలుకు వాడుకోవచ్చని ఎవరైనా సలహా ఇస్తే, ఆయన్ని మళ్లీ గేటు దాటి లోపలికి రానివ్వకండి.

డాబా ఎంతుందన్నది కాంట్రాక్టర్ కొలత. మీరు బిల్లు చూసుకోండి. పన్నెండు నెలల యూనిట్లు కూడి 1,400తో భాగించండి. వచ్చిన అంకె, దాదాపు అన్ని కిలోవాట్లు చాలు. అంతకు మించి పెడితే మిగులు యూనిట్లకు డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) ఇచ్చే రేటు, మీరు కట్టే రేటు కంటే బాగా తక్కువ. ఫిక్స్‌డ్ ఛార్జీలు సోలార్ పెట్టినా పోవు. లాభం లెక్కలో వాటిని కలిపేస్తారు, జాగ్రత్త.

ప్రశ్న: ఎండ ఎక్కువైతే సోలార్ కరెంటు కూడా ఎక్కువ వస్తుందా? డిసెంబరు 14 ఇంధన పొదుపు దినోత్సవానికి మా క్లాసుకు ఒక ప్రాజెక్టు చెప్పండి.
– తొమ్మిదో తరగతి విద్యార్థి, కర్నూలు

జవాబు: ప్యానెల్‌కు కావలసింది వెలుతురు బాబూ, వేడి కాదు. 25 డిగ్రీలు దాటాక ప్యానెల్ వేడెక్కే ఒక్కో డిగ్రీకి దాని శక్తి 0.35 శాతం దాకా తగ్గుతుంది. మే నెలలో మీ కర్నూలు డాబా మీద ప్యానెల్ 65 డిగ్రీలకు చేరిందంటే, 40 డిగ్రీలకు 14 శాతం పోయినట్టే. అందుకే ప్యానెళ్లను స్లాబుకు అతికించకుండా, కింద గాలి ఆడేలా స్టాండు మీద పెడతారు.

ప్రాజెక్టుకు డబ్బు అక్కర్లేదు. శనివారం బడి వదిలాక మీటర్ రీడింగ్ రాసుకోండి. సోమవారం బెల్లు కొట్టకముందే మళ్లీ రాయండి. ఎవరూ లేని ఆదివారం మీ బడి ఎన్ని యూనిట్లు తిన్నదో తేలుతుంది. తర్వాత అది ఎక్కడెక్కడ ఖర్చయిందో వెతకండి: ప్లగ్ తీయని టీవీ, ఆన్‌లోనే ఉన్న ఆర్‌ఓ మిషను, వరండా లైటు, కంప్యూటర్ ల్యాబ్ యూపీఎస్. మీటర్ బోర్డు తలుపు మాత్రం సారు చేతే తీయించండి, మీరు ముట్టుకోవద్దు. నాలుగు వారాల అంకెలు చార్టు మీద రాసి నాకు పంపితే, ఈ శీర్షికలోనే వేయిస్తాను.