కోడలి తాతమ్మ చెరోకీయేనా?

ప్రశ్న: మా కోడలు అమెరికా అమ్మాయి. వాళ్ల తాతమ్మ చెరోకీ (అమెరికా ఆదివాసీ తెగ) అంటరు. డీఎన్‌ఏ పరీక్ష చేయిస్తే తేలుతదా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: తేలదమ్మా. ఆ పరీక్ష తెగ పేరు చెప్పలేదు, చెరోకీ నేషన్ (ఓక్లహోమాలోని చెరోకీల ప్రభుత్వం) సభ్యత్వానికీ పనికిరాదు. కాగితాలే ఆధారం. కోడలి జనన పత్రంతో మొదలుపెట్టి, ఒక్కో తరానికి జనన, పెళ్లి, మరణ పత్రాలు జతచేస్తూ 1900 జనగణన దాకా వెళ్లండి. ఓక్లహోమా ప్రాంతపు చెరోకీల వంటి తెగల సభ్యులను అమెరికా ప్రభుత్వం నమోదు చేసిన డాస్ జాబితా (1898–1914) ఆ తర్వాతే తెరవాలి. చాలామంది ముందే అందులో ఇంటిపేరు వెతికి, పరాయి మనిషిని తాతమ్మను చేసేసుకుంటారు. ఎక్కువ చిక్కులు ఇక్కడే. పేరు పక్కనున్న నంబరుతో నమోదు కార్డు తీయండి. వయసు, ఊరు, తల్లిదండ్రుల పేర్లు మూడూ కలవాల్సిందే. నార్త్ కరోలినా వాళ్లయితే అక్కడి చెరోకీల పేర్లున్న 1924 బేకర్ జాబితా చూడాలి. ప్రభుత్వ పరిహారం కోసం పెట్టుకున్న 1906–07 నాటి మిల్లర్ దరఖాస్తుల్లో తిరస్కరించినవీ వదలొద్దు, తాతల పేర్లు వాటిలోనూ ఉంటాయి.