‘పరామర్శించడం జరిగింది’ – ఇంతకీ పరామర్శించింది ఎవరు?

సందేహం: మా పక్క ఊరిలో ట్రాక్టర్ బోల్తాపడి ఒక యువకుడు చనిపోయాడు. మరునాడు మా ప్రాంత నాయకుడు ఒకరు ఆ ఇంటికి వచ్చి మందలించి పోయారు. నేను అక్కడే ఉన్నాను. ఆయన అరుగు మీద కూర్చుని, పిల్లవాడి నాయనమ్మ చెయ్యి పట్టుకుని, ‘ఏం జేస్తమే అవ్వా, మన చేతులున్నదా’ అని, తర్వాత చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. సాయంత్రం ఆయన ఫేస్‌బుక్‌లో చూస్తే ఇలా ఉంది: ‘ఈ ఘటనపై తీవ్ర దిగ్ర్భాంతి వ్యక్తం చేస్తున్నాను. మన ప్రియతమ నాయకులు, గౌరవనీయులు ఫలానా గారు బాధిత కుటుంబాన్ని పరామర్శించడం జరిగింది, మనోధైర్యం కల్పించడం జరిగింది.’ ఇది ఆయన మాటలాగా నాకు వినిపించలేదు. ఇందులో భాషాదోషం ఉందా, నాకే అలా అనిపిస్తోందా? ఆ పోస్టులు రాసే పిల్లగాడు నా దగ్గర చదువుకున్నవాడే. వాడికి ఏమని చెప్పమంటారు?
– రిటైరైన తెలుగు టీచర్, నల్లగొండ జిల్లా

సమాధానం: సార్, వ్యాకరణం పుస్తకం ముందు పెట్టుకుని ‘పరామర్శించడం జరిగింది’ తప్పని నిరూపించలేం. క్రియకు ‘అడం’ చేర్చి నామవాచకం చేశారు, దాన్ని కర్తగా కూర్చోబెట్టి ‘జరిగింది’ అన్నారు. లెక్క కుదిరింది. అయితే ఆ కుదరడంలో అరుగు మీద కూర్చున్న మనిషి ఎటో పోయాడు. మీకు వినిపించని గొంతు ఆయనదే.

‘జరుగు’ అంటే మొదటి అర్థం కదలడం. దేవరకొండ బస్సులో కండక్టర్ ‘లోపలికి జరుగుండ్రి’ అనేది ఆ అర్థంలోనే. కాలం జరుగుతుంది, పెళ్లి జరుగుతుంది, జాతర జరుగుతుంది. చేసినవారు ఎవరో తెలియనప్పుడో, ఫలానా ఒక్కరని చెప్పలేనప్పుడో ఈ క్రియ బాగా పనికొస్తుంది: దొంగతనం జరిగింది, ప్రమాదం జరిగింది. పరామర్శ ఈ వరుసలోకి రాదు. కారు దిగి, చెప్పులు విడిచి, అరుగెక్కిన మనిషి ఒకరు కళ్లెదుట ఉన్నారు. ఆయన వచ్చిన పనిని కూడా ‘జరిగింది’ అనేస్తే ట్రాక్టర్ బోల్తాపడటమూ ఆయన రావడమూ ఒకే గాటన పడతాయి.

తెలుగు క్రియ చివర్లోనే మనిషి ఉంటాడు. వేరే ‘నేను’ అనక్కర్లేదు. ‘వెళ్లాను’ అన్నా, మన దగ్గర ‘పోయిన’ అన్నా పోయింది నేనేనని వినేవాడికి తెలిసిపోతుంది. ‘పోయినం’ అంటే నాతో ఇంకొందరు ఉన్నారు. ‘పోయిండు’ అంటే ఇంకెవరో. ‘జరిగింది’ చివర ఉన్నది ‘ది’, అంటే అమహత్తు (మగవారికి కాక మిగతావాటికి వాడే రూపం). పరామర్శించినవారు ఎంత పెద్దమనిషి అయినా ఆ వాక్యం పూర్తయ్యేసరికి అమహద్వాచకం అయిపోతున్నారు. మహత్తు, అమహత్తు పాఠం మీరు ఎన్ని ఏళ్లు చెప్పారో గానీ ఇంత మంచి ఉదాహరణ దొరికి ఉండదు.

ఈ వాడుక పుట్టిల్లు ఆఫీసు. గ్రామ పంచాయతీ తీర్మానాల పుస్తకం తిరగేస్తే ‘ఏకగ్రీవంగా తీర్మానించడమైనది’ అని ఉంటుంది. అక్కడ అది సబబే, తీర్మానం సర్పంచ్ ఒక్కరి సొంతం కాదు గనక. ‘మంజూరు చేయబడినది’ కూడా ఆ ఇంటి బిడ్డే. ఫైల్లో ఉన్నంతసేపు ఎవరికీ ఇబ్బంది లేదు. అది మైకు దగ్గరికి వచ్చింది, మైకు నుంచి ఫోన్‌లోకి దిగింది. ఇప్పుడు పెళ్లికి పోయినా ‘నూతన వధూవరులను ఆశీర్వదించడం జరిగింది’. సెప్టెంబర్ 9న కాళోజీ జయంతిని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటాం కదా, ఆ రోజున కూడా ‘ఘనంగా నివాళులర్పించడం జరిగింది’ అనే పోస్టులు నాకు కనబడుతుంటాయి. (నివాళి అంటే అసలు హారతి. దేవుడికో, పెళ్లికూతురికో ఇచ్చేది. పోయినవారి ఫొటో ముందుకు అది తర్వాత చేరింది. ఆ కథ ఇంకోసారి.)

మీరు పంపిన పోస్టులో ఇంకో తమాషా ఉంది. మొదటి వాక్యం ‘వ్యక్తం చేస్తున్నాను’ అని ఉత్తమ పురుషలో నడిచింది. రెండో వాక్యానికి వచ్చేసరికి ఆ ‘నేను’ కాస్తా ‘ప్రియతమ నాయకులు... గారు’ అయింది. ఒకే పేరు కింద ఇద్దరు మాట్లాడుతున్నారు. ‘గారు’ ఎదుటివారికి పెడతాం, మన ముందు లేనివారికి పెడతాం. తనకు తానే తగిలించుకునే ‘గారు’ తెలుగులో లేదు. నాయకుడే రాసుకున్నారనుకుంటే సొంత డబ్బా, మరొకరు రాశారనుకుంటే ఆయన మాట కాదు. ఎటు చూసినా ఆయనకే నష్టం. మొదటి వాక్యమైనా ఆయనదా అంటే అదీ అనుమానమే. ‘దిగ్భ్రాంతి వ్యక్తం చేశారు’ అనేది విలేకరి రాసే వాక్యం. ఇంకొకరి బాధను బయటి నుంచి చూసి రాసేటప్పుడు ‘వ్యక్తం చేశారు’ అంటాం. దాని చివర ‘శారు’ తీసి ‘స్తున్నాను’ పెట్టినంత మాత్రాన సొంత బాధ అవుతుందా? దిక్కులు తెలియకపోవడం దిగ్భ్రాంతి. నల్లమలలో దారి తప్పి, తూర్పేదో పడమరేదో పోల్చుకోలేనివాడికి కలిగేది. ఆ స్థితిలో ఉన్నవాడు దాన్ని తీరిగ్గా వ్యక్తం చెయ్యడు. ‘ఏం జేస్తమే అవ్వా’ అని ఊరుకుంటాడు. మీరు చూసింది దిగ్భ్రాంతి, చదివింది ప్రెస్‌నోట్.

రాసేవారు వేరే ఉండటాన్ని నేను తప్పుపట్టను. రాజుల దగ్గర రాతపని చేసే రాయసం వాళ్లు ఉండేవారు, ఆ పని ఇంటిపేరుగా కూడా నిలిచింది. సామంతుడి పేరుకు ముందు ‘మహామండలేశ్వర’ మొదలుకొని బిరుదులన్నీ పేర్చడం పాత శాసనాల్లో మామూలే. మన ‘గౌరవనీయులు, ప్రియతమ నాయకులు’ ఆ తాతకు మనవలే. కానీ అంత బిరుదావళి అయ్యాక కూడా తెలుగు శాసనంలో ‘ఇచ్చెను’ అనో ‘ఇచ్చిరి’ అనో ఉంటుంది. భూమి ఇచ్చినవాడు క్రియలో కనబడతాడు. ఇక 1926లో గోలకొండ పత్రిక మొదలైనప్పుడు సంపాదకుడిగా ఉండి, 1952లో వనపర్తి నుంచి శాసనసభకు వెళ్లిన సురవరం ప్రతాపరెడ్డి లాంటివారికి మరొకరు రాసిపెట్టాల్సిన పనే లేదు. అందరూ సంపాదకులు కాలేరు, ఒప్పుకుందాం.

నా ఊహ ఏమిటంటే, మీ శిష్యుడు ‘జరిగింది’ అని రాసింది తెలుగు రాక కాదు. వాడి చేతిలో నాయకుడి పాస్‌వర్డ్ ఉంది, ఆయన మనసులో మాట లేదు. ‘నేను పోయిన, మాట్లాడిన’ అని రాయాలంటే వాడికి భయం, ఎందుకంటే పోయింది వాడు కాదు. ‘ఆయన వెళ్లారు’ అని రాద్దామంటే అకౌంట్ ఆయనది. ఈ ఇరకాటంలో ఉత్తమ పురుషా ప్రథమ పురుషా రెండూ లేని వాక్యం ఒకటి కావాలి. ‘జరిగింది’ దొరికింది. పాపం, ఒక రకంగా నిజాయితీపరుడే: తనది కాని పనిని తన చేత్తో ‘నేను చేశాను’ అని రాయలేకపోయాడు.

ఇప్పుడు మీ ఉత్తరంలో మీరు అలవోకగా వాడిన మాట దగ్గరికి వస్తాను. ‘మందలించి పోయారు’ అన్నారు. నల్లగొండలో, పాలమూరులో మందలించడం అంటే పలకరించడం, కష్టసుఖాలు అడగడం. ‘ఏం మందల?’ అంటే ఏమిటి సంగతి అని. కోస్తా జిల్లాల్లో అదే మాటకు చీవాట్లు పెట్టడం అని అర్థం. కొడుకు పోయిన ఇంట్లో నాయకుడు ‘కుటుంబాన్ని మందలించాను’ అని రాస్తే బెజవాడ పాఠకుడు బెంబేలెత్తిపోతాడు. అందుకే రాసేవాళ్లు భయపడి ‘పరామర్శ’ వైపు పోతారు. ఆ భయాన్ని నేను కాదనను. పైగా పరామర్శ చెడ్డ మాట కూడా కాదు. దాని మూలధాతువు ‘మృశ్’, అంటే తాకడం. తర్కశాస్త్రంలో ఆలోచించడమనే అర్థానికి వెళ్లింది, తెలుగులో కష్టంలో ఉన్నవారిని అడిగి తెలుసుకోవడానికి వచ్చింది. ముసలమ్మ చెయ్యి పట్టుకోవడం కన్నా అసలైన పరామర్శ ఏముంటుంది! నామవాచకం బాగానే ఉంది, చెడింది క్రియ దగ్గరే.

అలాగని యాసలో రాసేస్తే అసలుది అయిపోతుందనుకోవద్దు. ఒక పాలమూరు నాయకుడి పేజీలో ‘అత్తాండు, పోతాండు’ అని చదివాను. అవి కరీంనగర్, వరంగల్ వైపు వినిపించే రూపాలు. ఇటు దక్షిణాన ‘వస్తుండు, పోతుండు’ అంటాం. హైదరాబాద్‌లో ఏసీ గదిలో కూర్చుని యాసను ఉప్పూకారంలా చల్లితే ఊరివాళ్లు ఇట్టే పట్టేస్తారు. ఇంగ్లిష్‌లో రాసి తెలుగులోకి తిప్పిన పోస్టులది మరో రకం గోస. ‘మేము అందరం కలిసి మన మండలాన్ని అభివృద్ధి చేద్దాం’ అని ఉంటుంది. ‘చేద్దాం’ అనగానే వినేవాడు కూడా కలిసిపోయాడు, అక్కడ ‘మనం’ ఉండాలి. ఇంగ్లిష్‌లో రెండింటికీ ఒకటే మాట కాబట్టి తేడా తెలియదు. మన నాయకులకు మాత్రం బాగానే తెలుసు. ఓట్లప్పుడు ‘మనం’, గెలిచాక ‘మా ప్రభుత్వం’. ఇందులో వ్యాకరణదోషం ఎప్పుడూ దొర్లలేదు.

మీ శిష్యుడికి ఏం చెప్పాలంటారా? తిరిగి వచ్చేటప్పుడు కారులోంచి ఒక్క వాట్సాప్ వాయిస్ మెసేజ్ పెట్టమని నాయకుణ్ని అడగమనండి. అర నిమిషం చాలు. అందులో ఆయన ఏ క్రియ వాడితే ఆ క్రియనే ఉంచమనండి. ‘పొద్దున ఆ ఇంటికి పోయిన. నాయనమ్మ పక్కన కాసేపు కూర్చున్న. ఏం మాట్లాడాల్నో నాకూ తెలువలే.’ ప్రామాణిక భాషే కావాలంటే ‘వెళ్లాను, కూర్చున్నాను, తెలియలేదు’ అని మార్చుకోనివ్వండి, నష్టం లేదు. సాయం ఏదైనా చెప్పి ఉంటే అంకెతో సహా రాయమనండి. ‘అన్ని విధాలా ఆదుకోవడం జరుగుతుంది’ అనేది మాత్రం వద్దు. ఆదుకునేది ఎవరో అందులోనూ లేదు.

‘దిగ్భ్రాంతి’ లేకపోతే పోస్టు వెలవెలబోతుందని నాయకుడు పట్టుబడితే కనీసం ఒత్తులు సరిచేయించండి. వాడు గ కింద ర పెట్టి, ఆ తర్వాత భ పెట్టాడు. గ కింద భ రావాలి, ర ఆ భకు చెందుతుంది: దిగ్భ్రాంతి.