అత్తయ్యకు జనరల్ మెడిసిన్ డాక్టరు: ఏ కార్డు ఎక్కడ చెల్లుతుంది?

ప్రశ్న: మా అత్తయ్యకు 72 ఏళ్లు. చాలాకాలంగా షుగరు, బీపీ ఉన్నాయి. ఈ మధ్య సాయంత్రానికి పాదాలు వాచిపోతున్నాయి, నాలుగడుగులు వేస్తే ఆయాసపడుతున్నారు. ఆరోగ్యశ్రీ కార్డు ఉంది. కార్డు తీసుకుంటామని బోర్డు పెట్టిన ఒక ప్రైవేటు ఆసుపత్రికి వెళితే, ఓపీకి కార్డు పనిచేయదు, ఫీజు కట్టండి అన్నారు. మా వారు కాంట్రాక్టు కార్మికుడు. జీతంలో ఈఎస్ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) కింద కొంత కోస్తారు గానీ ఎప్పుడూ వాడుకోలేదు. కార్డు మీద చూసే మంచి జనరల్ మెడిసిన్ డాక్టరు విశాఖలో ఎక్కడ దొరుకుతారు?
– ఒక కోడలు, గాజువాక

జవాబు: ముందు ఆయాసం సంగతి చూడాలమ్మా, కార్డుల మాట తర్వాత. పాదాల వాపుకు ఆయాసం తోడైందంటే గుండెనూ కిడ్నీలనూ ఆలస్యం చేయకుండా పరీక్షించాలి. రాత్రిపూట వెల్లకిలా పడుకోలేక లేచి కూర్చుంటున్నారేమో అత్తయ్యను అడగండి. అవునంటే ఓపీ వరుసలో నిలబడవద్దు. 108కి ఫోను చేసి నేరుగా కేజీహెచ్ (ప్రభుత్వ కింగ్ జార్జ్ ఆసుపత్రి) అత్యవసర విభాగానికి తీసుకువెళ్లండి. నేను మెడికల్ వార్డులో నర్సుగా ఉన్నంతకాలం, కార్డు ఎక్కడ చెల్లుతుందో తేల్చుకుని వద్దామని ఇంట్లోనే ఆగిపోయి, ఊపిరి అందని స్థితిలో వచ్చిన పెద్దవాళ్లను ఎందరినో చూశాను. మీరు అలా ఆగవద్దు.

ఇక కార్డు. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై, ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్యసేవ పేరుతో నడుస్తున్న ఈ పథకం ప్రధానంగా ఆసుపత్రిలో చేరి చేయించుకునే చికిత్సల కోసం పెట్టింది. నెలనెలా బీపీ చూపించుకుని మాత్రలు రాయించుకోవడం దాని పరిధిలోకి రాదు. పైగా ఈ పథకంలో చేరేది ఆసుపత్రి, డాక్టరు కాదు. అదీ విభాగాల వారీగా. గుండె ఆపరేషన్లకు అనుమతి ఉన్న ఆసుపత్రికి జనరల్ మెడిసిన్‌కు ఉండకపోవచ్చు. బోర్డు చూసి లోపలికి వెళ్లిన మనిషికి ఆ తేడా ఎవరు చెబుతారు? చెప్పడానికే పథకంలో చేరిన ఆసుపత్రుల్లో ఆరోగ్యమిత్ర అనే సహాయకులను ఒక బల్ల వేసి కూర్చోబెట్టారు. డబ్బు కట్టే కౌంటరుకు వెళ్లకముందే ఆ బల్ల దగ్గరకు వెళ్లి, మీ జబ్బుకు ఇక్కడ కార్డు వర్తిస్తుందా అని అడగాలి. పథకం కింద చేర్చుకున్న తర్వాత చికిత్సకు డబ్బు అడిగితే 104కు ఫిర్యాదు చేయండి. అది మీ హక్కు, మొహమాటపడవలసిన పని లేదు.

మీ ఉత్తరంలో నేను పట్టుకున్న మాట ఈఎస్ఐ. అత్తయ్యకు కావలసిన డాక్టరు ఆ దారిలోనే దొరికే అవకాశం ఉంది. నెల జీతం 21,000 రూపాయల లోపు ఉన్న కార్మికుడి నుంచి 0.75 శాతం, యజమాని నుంచి 3.25 శాతం ప్రతి నెలా జమ అవుతుంది. అందులో ఓపీ, పరీక్షలు, మందులు అన్నీ వస్తాయి. కొడుకు సంపాదన మీద ఆధారపడిన తల్లికి కూడా వర్తిస్తుంది. ఆమె ఆదాయానికి ఒక పరిమితి ఉంది గానీ నెలకు 4,000 రూపాయల వృద్ధాప్య పింఛను దానికి అడ్డు రాదు. మీ వారి ఈ-పెహచాన్ కార్డులో (ఈఎస్ఐ గుర్తింపు కార్డు) తల్లి పేరు ఉందేమో చూడండి. లేకపోతే ఆధార్ ఇచ్చి కంపెనీ ద్వారా చేర్పించండి. మీకు కేటాయించిన డిస్పెన్సరీ పేరు ఆ కార్డు మీదే ఉంటుంది. మొదట అక్కడికి వెళ్లాలి. అవసరమైతే వాళ్లే చీటీ రాసి మల్కాపురం ఈఎస్ఐ ఆసుపత్రికి పంపుతారు. ఇన్నేళ్లు జీతంలో కోత పడి కూడా ఒక్క మాత్ర తీసుకోలేదంటే నాకు చాలా బాధగా ఉంది.

పేరు చేర్చడానికి సమయం పడుతుంది. ఈలోగా కేజీహెచ్ జనరల్ మెడిసిన్ ఓపీకి గానీ, హనుమంతవాకలోని ప్రభుత్వ ఆసుపత్రి విమ్స్‌కు గానీ తీసుకువెళ్లండి. కేజీహెచ్‌లో డాక్టర్లు యూనిట్లుగా, అంటే బృందాలుగా పనిచేస్తారు, ఒక్కో యూనిట్‌కు వారంలో ఓపీ రోజు ఉంటుంది. మొదటిసారి వారంలో ఏ రోజు వెళ్లారో మళ్లీ అదే రోజు వెళితే అదే యూనిట్ చూస్తుంది. చీటీ మీద యూనిట్ రాసి ఉంటుంది, దాన్ని పారేయవద్దు. అత్తయ్య వయసులో ఒక్కో అవయవానికి ఒక్కో డాక్టరు అంటూ తిరగడం కన్నా, అన్నీ కలిపి చూసే ఒకే యూనిట్ దగ్గర నిలకడగా ఉండటం చాలా మేలు.

మందులు మాత్రం అట్టతో సహా తీసుకువెళ్లండి. షాపువాళ్లు నాలుగు మాత్రలు కత్తిరించి ఇస్తే పేరున్న భాగం షాపులోనే మిగిలిపోతుంది. రేకు మీద మూడక్షరాలున్న ముక్కలు కవరులో పోసుకుని వస్తే డాక్టరు ఏం చదవగలరు? మీ విషయంలో ఇది మరీ ముఖ్యం. ఆమ్లోడిపిన్ అనే బీపీ మాత్ర వల్ల కూడా కొందరికి పాదాలు వాస్తాయి. మోకాళ్ల నొప్పికి వాడే డైక్లోఫెనాక్ వంటివి కిడ్నీలను దెబ్బతీయగలవు, ఒంట్లో నీరు చేరేలా చేయగలవు. అలాగని బీపీ మాత్ర మీరే ఆపేయకండి. నొప్పి మాత్ర వాడుతుంటే ఆ సంగతి అడగకపోయినా చెప్పండి. కిడ్నీల కోసం క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షలు, గుండె కోసం ఈసీజీ చేయించారా అని మీరే గుర్తుచేయండి.

మరొకటి. 70 ఏళ్లు నిండినవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా 2024 అక్టోబరు నుంచి ఆయుష్మాన్ వయ వందన కార్డు ఇస్తున్నారు. ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు, ఆసుపత్రిలో చేరినప్పుడు. ఆధార్ ఉంటే చాలు. ఈఎస్ఐ ఉన్నా తీసుకోవచ్చు.

ప్రశ్న: ప్రైవేటు కంపెనీలో 18 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. చివరి నెల దాకా ఈఎస్ఐ కట్టాను. ఇప్పుడు షుగరు మందులు బయట కొంటున్నాను. నాకు ఇక ఏ హక్కూ లేదా?
– విశ్రాంత కార్మికుడు, పెందుర్తి

జవాబు: ఉందండీ. కనీసం ఐదేళ్లు ఈఎస్ఐలో ఉండి, వయసు నిండి రిటైరైనవారు ఏడాదికి 120 రూపాయలు కడితే వారికీ జీవిత భాగస్వామికీ వైద్యం కొనసాగుతుంది. రిటైర్మెంటు ధ్రువపత్రం, పాత ఈఎస్ఐ నంబరు తీసుకుని బ్రాంచి కార్యాలయానికి వెళ్లండి. మీ ఆవిడ ఫొటో, ఆధార్ కూడా వెంట ఉంచుకోండి. ప్రతి ఏటా గడువులోగా మళ్లీ కట్టాలి.