కారు లేకుండా ఒక్క రోజు నడక: హాథర్‌సేజ్ నుంచి గ్రిండిల్‌ఫర్డ్ దాకా

నమస్కారమండీ. మాంచెస్టర్ నుంచి కారు లేకుండా ఒక్క రోజులో మూర్‌ల్యాండ్ (చెట్లు లేకుండా పొదలు పరుచుకున్న ఎత్తైన బీడు నేల), కొండ అంచు, అడవి మూడూ చూడాలని అడిగారు కనుక, ఇంగ్లండ్‌లోని పీక్ డిస్ట్రిక్ట్ కొండ ప్రాంతంలో అందరూ చెప్పే కిండర్ స్కౌట్ పీఠభూమి కన్నా, అక్కడే ఉన్న స్టానేజ్ ఎడ్జ్ అనే కొండ అంచు మీకు నయమని నా అభిప్రాయం. హోప్ వ్యాలీ రైలు మార్గంలోని హాథర్‌సేజ్‌లో దిగి పైకెక్కితే, సుమారు 6 కిలోమీటర్లు సాగే ఆ ఇసుకరాతి అంచుకు ఒక పక్క లోయ, మరో పక్క ఆగస్టులో ఊదారంగు పూలతో నిండిపోయే హెదర్ పొదలు కనిపిస్తాయి. పైన గాలి ఉధృతంగా ఉంటుంది. గొడుగు నిలవదు, రెయిన్‌కోటే తీసుకువెళ్ళండి. దక్షిణపు కొస నుంచి బర్బేజ్ లోయ మీదుగా పాడ్లీ గోర్జ్ అనే ఇరుకు లోయలోని పాత ఓక్ అడవిలోకి దిగితే, నాచు పట్టిన బండల నడుమ పారే వాగు వెంబడి దారి మిమ్మల్ని గ్రిండిల్‌ఫర్డ్ స్టేషన్‌కు చేరుస్తుంది. అదీ అదే రైలు మార్గం, కానీ వేగంగా వెళ్ళే రైళ్ళు అక్కడ ఆగవు కాబట్టి తిరుగు రైలు వేళ ముందే చూసుకోండి.